పదిహేను అడుగుల బేరం

దుర్గ్ పక్కన ఉక్కు కర్మాగారం కాలనీలో, సెక్టర్ 6లోని మా ఇంటికి అప్పుడప్పుడు పిల్లలు వస్తుంటారు. సైన్యంలో నీళ్ళలో దిగి పనిచేసే దళానికి ఎంపిక కావాలని ఆశపడేవాళ్ళు. ఆ దళం మొదలైన రోజున అందులో ఉన్న పదకొండుమందిలో నేనొకణ్ణని ఎవరో చెప్పి పంపుతారు. నా పొట్ట చూసి మొదట నమ్మరు. తర్వాత అందరూ ఒకటే అడుగుతారు: "అంకుల్, సాఁస్ కిత్నీ దేర్ రోక్నా పడ్తా హై?" ఊపిరి ఎంతసేపు బిగబట్టాలి అని.

నేను చెప్పే జవాబు వాళ్ళకు నచ్చదు. సిలిండర్ వీపున వేసుకుని దిగినవాడు ఊపిరి బిగబట్టనే కూడదు. బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. పీలుస్తూ వదులుతూ ఉండాలి, ఇంట్లో కూర్చున్నట్టు. ఇంతేనా అన్నట్టు చూసి వెళ్ళిపోతారు.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. అది గుమ్మంలో నిలబెట్టి చెప్పేది కాదు, అందుకని రాస్తున్నాను. ఇక్కడి పిల్లల్లో తెలుగు చదవగలిగేవాళ్ళు తక్కువ. వాళ్ళ అమ్మలో అమ్మమ్మలో చదివి చెప్తారని ఆశ. దళం పేరు రాయను. ఏ ఏడు భుజానికి ఏ పట్టీ ఎక్కిందో కూడా రాయను; అవి చెప్పుకోవాలంటే పట్టీలు ఎక్కువ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

కొట్టు మెట్లు

విజయనగరం వైపు నుంచి వచ్చి మా నాన్న సెక్టర్ 6 మార్కెట్లో కిరాణా కొట్టు పెట్టాడు. ప్లాంటులో షిఫ్టు దిగినవాళ్ళు సైకిలు స్టాండు వేయకుండానే, ఒక కాలు నేల మీద పెట్టి బేరమాడేవారు. నాన్న నాకు నేర్పింది ఒకటే చదువు. మెట్టెక్కిన గిరాకీ ఉత్తచేతులతో దిగిపోతే తప్పు సరుకుది కాదు, నీ నోటిది. వాడు వద్దన్నాడా, వాదించకు. "నీ మాటా వద్దు, నా మాటా వద్దు, మధ్యన తెగ్గొట్టుకుందాం" అను. మధ్య అనేసరికి ఎంత మొండివాడైనా మెత్తబడతాడు. ఆ మధ్య ఎక్కడుండాలో నిర్ణయించేవాడివి నువ్వే కదా.

పన్నెండేళ్ళకే నాకు ఆ విద్య పట్టుబడింది. కొట్టు అన్నయ్యకు దక్కింది, నాకు విద్య మాత్రం మిగిలింది. దాన్ని పట్టుకుని సైన్యంలో చేరాను. దుర్గ్‌లో ఎంపికలకు వరసలో నిలబడినప్పుడు ముందున్నవాడు వెనక్కి తిరిగి, "బాబూ, నువ్వు తెలుగోడివేటి?" అన్నాడు. వాడే పైడిరాజు. నందిని సున్నపురాయి గనుల కాలనీ వాడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క రవణమ్మ, బావ పెంచారు. రాయి తీసేసిన గోతుల్లో ఊరిన నీళ్ళలో ఈత నేర్చాడు. వాడు నీళ్ళలోకి దిగితే చప్పుడుండేది కాదు. నా ఈత మా కొట్లో పాత కాటాలా ఒకపక్కకే మొగ్గేది.

ఏడేళ్ళ తర్వాత కొత్త దళానికి మనుషులు కావాలని పిలుపు వచ్చింది. వాడు పేరిచ్చాడు, వాడిచ్చాడని నేనిచ్చాను. రెండు వందల మందిలో పదిమందిని ఉంచారు. ఆ పదిమందిలో నేనెలా మిగిలానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పదకొండోవాడు మా నాయకుడు, మేజర్ బర్వే సాబ్.

సాబ్ కాచిన టీ

ఒక పెద్ద జలాశయం ఒడ్డున మా గుడారాలు. దళం కాగితం మీద ఉంది, సామాను ఎక్కడా లేదు. మొదటి నెల పదిమందికి నాలుగు సిలిండర్లు. గాలి గొట్టాలు చిరిగితే అతికే జిగురు కూడా లేదు. మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ పట్టుకుని నేను పక్క ఊళ్ళోని మరో పటాలం స్టోర్‌కు వెళ్ళాను. అక్కడి హవల్దారు పంజాబీవాడు. జాడీ మూత తీసి వాసన చూపించాను, మాట్లాడలేదు. సాయంత్రానికి జిగురు, పది మీటర్ల గొట్టం, రెండు మాస్కులతో వచ్చాను. జాడీలో సగమే ఇచ్చాను. అప్పటినుంచి అందరికీ నేను 'సేట్'. బర్వే సాబ్ కూడా అలాగే పిలిచేవాడు. నాకు గర్వంగానే ఉండేది. బేరగాడికి యుద్ధంలో పనేమిటని మా ఊళ్ళో నవ్వినవాళ్ళంతా గుర్తొచ్చేవారు.

సాబ్ గొప్ప ఈతగాడు కాదు. అరిచేవాడు కాదు. ఆయన చేసిన గొప్ప పని ఒకటుంది. మొదటి వారం, ఒక ఉదయం, దిగడానికి ముందు అందరినీ ఒడ్డున వరసగా కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుని, ముఖంలోకి చూసి, "ఆజ్?" అని అడిగాడు. ఈ రోజు దిగుతావా అని. అందరం "హాఁ సాబ్" అన్నాం. చివర లేచి, "నేను మాత్రం ఈ రోజు కాదు," అన్నాడు. కారణం చెప్పలేదు. వెళ్ళి పొయ్యి రాజేసి పదిమందికీ టీ కాచాడు. అంత చెడ్డ టీ నేను మళ్ళీ తాగలేదు.

అదే రివాజు అయింది. కాదు అన్నవాణ్ణి ఎందుకని ఎవరూ అడగకూడదు. ఎక్కడా రాయకూడదు. వాడు ఆ రోజు టీ కాస్తాడు, అంతే. ఇంకొకటి కూడా ఉంది: మేం జోడీలుగా దిగేవాళ్ళం. జోడీలో ఒకడు కాదంటే రెండోవాడు కూడా ఒడ్డునే ఉండాలి. నీళ్ళలో ఒంటరిగా ఎవడూ ఉండకూడదు. నా జోడీ పైడిరాజు.

పిల్లలూ, నాయకుడంటే ముందు దూకేవాడని మీకు చెప్తారు. ముందు దూకడం కష్టమైన పని కాదు. పదిమంది కింది మనుషుల ఎదుట, చేరిన వారంలోనే, ఈ రోజు నా వల్ల కాదని చెప్పి గిన్నె తోమడం కష్టం. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అది చేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

రివాజు ఎలా పోయింది

మొదటి ఏడు అందరం టీ కాచాం. నేనైతే మరీ ఎక్కువ. చలిరోజుల్లో నాకు తరచు బాగుండేది కాదు. పైడిరాజు అనేవాడు, "ఈడు సేట్ కాదు, చాయ్‌వాలా. ఒంట్లో నీరసం, గిన్నెలో అల్లం." నవ్వేవాళ్ళం. ఆ నవ్వు అప్పుడు తీపిగానే ఉండేది.

రెండో ఏడు కొత్త జట్టు వచ్చింది. ఇరవైమంది కుర్రాళ్ళు. మమ్మల్ని చూస్తే వాళ్ళకు భయం, గౌరవం. మేం మొదటి పదకొండుమందిమి కదా. మమ్మల్ని మేం అన్నదమ్ములమని పిలుచుకోవడం అప్పుడే మొదలైంది. అంతకు ముందు ఆ మాట అవసరం పడలేదు. కొత్తవాళ్ళు చూస్తుండగా పొయ్యి దగ్గర కూర్చోవడానికి మాలో ఎవరికీ మనసొప్పేది కాదు. టీ కొత్తవాళ్ళే కాచేవారు. "ఆజ్?" అంటే మా నోట ఒకే జవాబు.

అన్నదమ్ముల్లా ఉన్నాం అని గొప్పగా చెప్పుకునే దళాన్ని నేనిప్పుడు అనుమానంగా చూస్తాను. పరాయివాడితో కాదనడం తేలిక. అన్నదమ్ముడితో అనలేం. మా మధ్య ప్రేమ పెరిగినకొద్దీ ఆ ఒక్క మాట కరువైంది. అది గమనించవలసింది సాబ్. ఆయన గమనించలేదు. అప్పట్లో ఆయన ధ్యాసంతా దళం నిలుస్తుందా లేదా అన్నదాని మీదే.

ఆ ఉదయం

ఆ శీతాకాలంలో ఒక జనరల్ మమ్మల్ని చూడడానికి వస్తున్నాడని తెలిసింది. ఆయన చూసి బాగుందంటే దళం ఉంటుంది. లేకపోతే ఎవరి పటాలానికి వాళ్ళం వెళ్ళిపోవాలి. మొదటి పదిమంది ఐదు జోడీలుగా దిగి, నలభై ఐదు అడుగుల లోతున ఉంచిన ఐదు ఇనుప పెట్టెలను పైకి తేవాలి. జోడీకో తాడు, తాడుకు పదిహేను అడుగులకో ముడి.

పొద్దున్నే నేను సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్లు తుడుస్తుంటే పైడిరాజు వచ్చాడు. మెడకు మఫ్లరు.

"ఒరే సేటూ, టీ గిన్నె ఎక్కడెట్టినారు?"

"అదేంటి, ఇంకా తాగలేదా?"

"తాగడానికి కాదురా, కాయడానికి. ముక్కు రెండుపక్కలా దిబ్బడేసింది. రాత్రి ఆవిరట్టినాను. ఎడం సెవి తెరుసుకోటం లేదు."

లోపలికి దిగుతుంటే నీటి బరువు చెవుల మీద పడుతుంది. ముక్కు నొక్కి గాలి ఊదితే చెవి లోపల దారి తెరుచుకుని బరువు సర్దుకుంటుంది. జలుబు చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒడ్డు మీద జలుబు ఏమంత జబ్బు కాదు. మా పనిలో అది కాలు విరగడంతో సమానం. ఇది మాకు మొదటి వారంలోనే నేర్పారు.

నేనన్నాను, "జనరల్ సాబ్ వచ్చే రోజే నీకు టీ మీద మనసైందా?"

"నా ముక్కుకి జనరల్ సాబ్ తెలుస్తాడేటి?"

"నువ్వు కూర్చుంటే నేనూ కూర్చోవాలి. నాలుగు జోడీలే దిగుతాయి. మనిద్దరం గిన్నె పట్టుకుని నిలబడితే ఆ కొత్తవాళ్ళు ఏమనుకుంటారు?"

"అందుకే నీకు ముందు సెప్తన్నాను. సాబ్‌కి ఇప్పుడెల్లి సెప్తాను."

వాడు కొట్టు మెట్లు దిగిపోతున్న గిరాకీలా కనబడ్డాడు నాకు. ఇందులో దళం గురించి నాకు కొంత బెంగ ఉన్న మాట నిజం. కాని కొంతే. మిగతాదంతా నేను దిగాలని. కిరాణా కొట్టువాడి కొడుకు పెట్టె మోసుకుని నీళ్ళలోంచి లేస్తుంటే జనరల్ చూడాలని.

"ఆగరా," అన్నాను. "నీ మాటా వద్దు, నా మాటా వద్దు. తాడుకి పదిహేను అడుగుల దగ్గర ముడి ఉంది కదా. నువ్వక్కడ ఆగిపో. అడుక్కి నేనొక్కణ్ణే వెళ్ళి పెట్టె తెస్తాను. ముడి దగ్గర ఇద్దరం చెరోవైపు పట్టుకుని తేలదాం. పైవాళ్ళకేం తెలుస్తుంది?"

"పదిహేనేనా?"

"పదిహేనే. మీ నందిని గోతిలో అంతకంటే లోతున ములిగేవాడివి."

వాడు కాసేపు ముక్కు చీదుకున్నాడు. తర్వాత నవ్వాడు. "నీతో అడ్డమాడి నెగ్గినోడు మీ కొట్టు మెట్లు దిగినాడేట్రా ఎవడైనా? సరే. ఒకటి సెయ్యి. సాయంత్రం అప్పకి ఉత్తరం నువ్వు రాయి. నా రాత ఆవిడికి అర్థం కాదు, బావ సేత సదివించుకుంటాది. బాగున్నాను, పండక్కి రాను, సిరాకు పడొద్దని రాయి."

మా వైపు అక్కను అప్ప అంటాం. రాస్తానన్నాను. బేరం కుదిరింది.

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. లోతును మూడో వంతు చేస్తే ప్రమాదం కూడా మూడో వంతవుతుందని లెక్కేశాను. కొట్లో పప్పు అలాగే తూస్తాం. నీళ్ళ లెక్క వేరు. పై నుంచి ముప్పై మూడు అడుగులు దిగేసరికే బరువు రెట్టింపవుతుంది. చెవులు దెబ్బతినేది అడుగున కాదు, పైపైనే. నేను వాడికి తగ్గించి ఇచ్చాననుకున్న ఆ పదిహేను అడుగులే అన్నిటికన్నా చెడ్డవి. ఇది నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

జనరల్ వచ్చాడు. కుర్చీలు, తివాచీ, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిన దారి. ఆ రోజు సాబ్ ఒక్కొక్కరి ముందు కూర్చోలేదు. అతిథుల ఎదుట గొంతుక్కూర్చోవడం బాగుండదనుకున్నాడో ఏమో, నిలబడి అందరినీ కలిపి, "సబ్ ఠీక్?" అన్నాడు. "ఠీక్ సాబ్" అన్నాం పదిమందిమీ. పైడిరాజు గొంతు కూడా విన్నాను.

నీళ్ళు మురికిగా ఉన్నాయి. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. ముడి దగ్గర వాడి భుజం తట్టాను. వాడు నా చేతిని రెండుసార్లు నొక్కాడు, వెళ్ళు అని. అడుక్కి వెళ్ళి, తడిమి, పెట్టెకు కొక్కెం వేసి, దాన్ని పట్టుకుని పైకొచ్చాను. ముడి దగ్గర తాడు మాత్రమే ఉంది.

చెవిలో పొర చిరిగి చల్లటి నీళ్ళు లోపలికి పోతే మనిషికి ఒళ్ళు గిర్రున తిరుగుతుంది. పైన ఏదో కింద ఏదో తెలియదు. వాంతి వస్తుంది, నోట్లో గాలి గొట్టం నిలవదు. పక్కన జోడీ ఉంటే పట్టుకుని పైకి తెస్తాడు. పట్టుకోవలసినవాణ్ణి నేను ముప్పై అడుగుల కింద పెట్టె వెతుక్కుంటున్నాను.

నేను పైకి తేలి కేక వేయగానే సాబ్ తళతళలాడే యూనిఫాం మీదే సిలిండర్ తగిలించుకుని దూకాడు. రెండోసారి మునిగినప్పుడు పైడిరాజును ఆయనే పట్టుకొచ్చాడు. ఒడ్డున ఎంతసేపు నొక్కారో, ఎంత ఊదారో నేను రాయలేను.

నహీ సర్

విచారణలో నన్ను అడిగింది ఒకే ప్రశ్న. దిగే ముందు అతను ఒంట్లో బాగాలేదని నీతో ఏమైనా చెప్పాడా?

"నహీ సర్."

రెండు మాటలు. దళం కోసమే అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పాతవాళ్ళే రివాజు తప్పారని తెలిస్తే దళాన్ని ఎత్తేస్తారని. అదీ బేరమే. ఈసారి గిరాకీని నేనే.

ముడి దగ్గర ఎందుకు విడిపోయారని అడిగితే, మురికి నీళ్ళలో చెయ్యి జారిందన్నాను. నమ్మారు. బర్వే సాబ్ తన వాఙ్మూలంలో ఒకే ముక్క రాశాడు: ప్రతి మనిషినీ విడివిడిగా అడగడం నా పని, ఆ రోజు నేను అడగలేదు, తప్పు నాది. దళం నిలిచింది. ఆయన్ను ఆరు నెలల్లో ఎక్కడో ఆఫీసుకు పంపేశారు. వెళ్ళేముందు మా ఒక్కొక్కరి గుడారానికి వచ్చి చెయ్యి కలిపాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "సేట్, నీ జోడీని పోగొట్టాను," అన్నాడు. అప్పుడు చెప్పవలసింది. నోరున్నవాడిగా పేరు తెచ్చుకున్నవాణ్ణి, తల దించుకుని నిలబడ్డాను.

తర్వాత వచ్చిన దొర తెలివైనవాడే. 'బాగాలేనివాళ్ళ' పేర్లు రాసే పుస్తకం పెట్టాడు. ఆ పుస్తకంలో నెలల తరబడి ఒక్క పేరూ పడలేదు. చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉన్నారో అని పైవాళ్ళకు చూపించేవాడు. ఆయన బదిలీ అయ్యాక నేను నేర్పేవాణ్ణి అయ్యాను. పొయ్యి మళ్ళీ వెలిగించాను. జలుబని ఒకడంటే జోడీని కూడా బూట్లు విప్పించి కూర్చోబెట్టేవాణ్ణి. కుర్రాళ్ళు నన్ను చాదస్తుడని నవ్వుకునేవారు. నా చేతి కింద ఒక్కడూ పోలేదు. ఈ మాట గొప్ప కోసం రాయడం లేదు. తప్పు తెలిసినవాడే గట్టిగా కాపలా కాస్తాడని మాత్రం తెలుసుకోండి. మీకు నేర్పేవాడు మరీ కఠినంగా ఉంటే, వాడి వెనక ఎవరో ఒకడు నీళ్ళలో ఉండి ఉంటాడు.

నందిని

పోయిన చలికాలం బర్వే సాబ్ ఫోన్ చేశాడు. వయసు ఎనభైకి దగ్గరపడింది. కళ్ళు మసకబారాయి. ఇంకో ఏడాదైతే రైలెక్కలేనేమో, పైడిరాజు అక్కను ఒకసారి చూడాలన్నాడు. ముప్పై ఐదేళ్ళుగా ఆయన ఏటా ఆమెకు ఉత్తరం రాసేవాడట. నాకు తెలియదు. నందిని మా ఇంటికి గంట దారి కూడా లేదు. ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవుకు వచ్చినప్పుడు రెండుసార్లు, విరమించాక ఒకసారి వెళ్ళాను. ప్రతిసారీ అరటిపళ్ళు ఇచ్చి వచ్చేశాను.

గని కాలనీలో రెండు గదుల ఇల్లు. రవణమ్మప్పకు డెబ్బై దాటాయి. బావ పోయాడు. సాబ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి తను మంచమ్మీద కూర్చుంది. ఆమెకు హిందీ బాగానే వచ్చు. సాబ్ మాటలు హిందీలోవే, తెలుగులో రాస్తున్నాను.

"దీదీ, ఉత్తరాల్లో రాసిందే నోటితో చెప్పాలని వచ్చాను. ఆ రోజు నేను వాణ్ణి అడగలేదు. మందను అడిగినట్టు అందరినీ కలిపి అడిగాను. విడిగా అడిగి ఉంటే వాడు చెప్పేవాడు."

"నహీ సాబ్," అంది అప్ప. "వో బోల్తా హీ నహీ థా." వాడు చెప్పే రకమే కాదని. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు సెప్పు సత్తిబాబూ, ఆడు నోరిప్పే రకమేటి? సిన్నప్పుడు కాల్లో మేకు దిగితే మూడ్రోజులు ఎవరికీ సెప్పలేదు. మొండెదవ. బాగాలేదని ఒక్క ముక్కంటే ఇయ్యాల మనవలతో ఉండును. ఈ బాబుకి ఇన్నేళ్ళు ఈ బాధ లేకపోను. ఆడి ఫొటో సూసినప్పుడల్లా తిట్టుకుంటాను."

నేను చాలా మోశాను. నా తప్పు సాబ్ మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. కాని వాడు నోరు విప్పలేదని వాడి అక్క వాణ్ణి తిట్టడం వింటూ కూర్చోలేకపోయాను. అప్పుడు కూడా, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, తక్కువలో తేల్చుకుందామనే చూశాను.

"వాడికి ఆ రోజు కొంచెం జలుబున్నట్టు నాకు అనిపించింది అప్పా," అన్నాను.

"అనిపించిందేటి? ఆడు నీతో అన్నాడా?"

"ముక్కు చీదుకుంటుంటే..."

"నానడిగింది అది కాదు. అన్నాడా, అన్లేదా?"

"అన్నాడు."

మిగతాదంతా చెప్పాను. గిన్నె అడగడం, ఎడం చెవి, సాబ్‌కు చెప్తానని లేవడం, నేను ఆపడం, పదిహేను అడుగులు. ఆమెకు తెలుగులో, ఆయనకు హిందీలో, ప్రతి ముక్కా రెండుసార్లు. చివరికి ఉత్తరం సంగతి కూడా. ఆ ఉత్తరం నేను రాయలేదు.

అప్ప గోడ మీది పైడిరాజు ఫొటో వైపు తిరిగింది. "సెప్పినాడా," అంది నెమ్మదిగా. "సెప్పినాడన్నమాట." కొంగుతో అద్దం తుడిచింది. మళ్ళీ తుడిచింది. నావైపు చూడకుండానే, "నువ్వు బైటికెళ్ళు సత్తిబాబూ," అంది.

కారు దగ్గర నిలబడ్డాను. గంటయ్యాక సాబ్ వచ్చాడు. గుమ్మం దాకా ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆ రాత్రికి మా ఇంట్లో ఉండాలని అనుకున్నాం, దుర్గ్ స్టేషన్‌కే పొమ్మన్నాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాక అన్నాడు, "నాకు కోపం తెచ్చుకునే వయసున్నప్పుడు చెప్పవలసింది సేట్. ఇప్పుడు కొడదామన్నా నువ్వు సరిగ్గా కనబడవు."

"మాఫ్ కీజియే సాబ్," అన్నాను.

"అది ఆవిడ చూసుకుంటుంది," అన్నాడు. తర్వాత, "వాడు చెప్పాడు. నేను పెట్టిన రివాజు వాడు చివరిదాకా పాటించాడు. పదకొండుమందిలో వాడొక్కడే," అన్నాడు. రైలు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు. కూలీ చెయ్యి పట్టుకుని ఎక్కాడు. తర్వాత నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పతో మాత్రం నెలకోసారి మాట్లాడతాడట.

పిల్లలూ, నా నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే ఇదే. మీ పక్కవాడు ఈ రోజు కాదంటే, దాన్ని తగ్గించడానికి చూడకండి. కాదు అనే మాటకు మధ్య ఉండదు. అది ఉన్నట్టే తీసుకోవాలి. మీరే ఆ మాట అనవలసి వస్తే జోడీతో కాదు, నేరుగా పై అధికారితో అనండి. జోడీకి మీరంటే ప్రేమ ఉంటుంది. అందుకే వాణ్ణి నమ్మకండి.

సాబ్ వెళ్ళిన తర్వాతి ఆదివారం మళ్ళీ నందిని వెళ్ళాను. అప్ప తలుపు తీయలేదు. ఆ పై ఆదివారం తీసి, వరండాలో కుర్చీ వేసింది. లోపలికి రమ్మనలేదు. "మొదట్నించీ సెప్పు," అంది. చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్తున్నాను. నన్ను క్షమించిందని రాయలేను, ఆ మాట మా మధ్య రాలేదు. ఆమెకు కావలసింది వాడు ఏమన్నాడో, ఎలా అన్నాడో, మఫ్లరు ఏ రంగుదో. ఒకసారి మఫ్లరు మర్చిపోతే ఆపి, "అది ముందు సెప్పినావు, ఇప్పుడొదిలేసినావు," అంది.

పోయిన ఆదివారం చెప్తూ చెప్తూ తాడు దగ్గరికి వచ్చాను. మేం మాస్కులు పెట్టుకోవడం చెప్పబోతుంటే చెయ్యెత్తింది.

"అక్కడితో ఆపు. ఆ తరవాతది నాకొద్దు," అంది. "ఒడ్డు మీదున్నంత వరకే సెప్పు."

మళ్ళీ మొదలుపెట్టాను.